నాదోపాసనయు నడవడియు

నాదము పరబ్రహ్మస్వరూపమనియు, వీణావాదన తత్త్వము నెఱిగి శ్రుతిజాతులయందును తాళమునందును నిష్ణాతుడైనవాడు వేఱొక ప్రయాసము లేకయే మోక్షమార్గమును జేరుననియు యాజ్ఞవల్క్యస్మృతి కాలమునుండి మనవారు విశ్వసించుచున్నారు. త్యాగరాజస్వామి కీర్తనలతో తెల్లవారు ఇండ్లలో పెరిగిన మనకు ఇది వట్టి శాస్త్రవాక్యము గాదు. అయినను గత శతాబ్దము ఈ విశ్వాసమును నిర్దయగా పరీక్షించినది. బాఖ్, బెథోవెన్‌ల సంగీతమును ప్రాణసమానముగా నెంచిన జర్మనీ దేశమే లక్షలాది యూదులను హతమార్చినది. ఆ ఘోరము జరుగుచున్న కాలమందును అచ్చటి సభామందిరములలో ఆ దివ్యసంగీతము మ్రోగుచునే యుండెను. నాదమే పావనము చేయునదైనచో ఆ శ్రోతల హృదయములు కరగకపోవుటకు హేతువేమి?

మూసాపేటలో మా వీధినుండి దినదినము హైటెక్ సిటీకి ఉద్యోగమునకు పోవు ఒక తండ్రి, కూతును వయొలిన్ పాఠమునకు చేర్పించి వచ్చుచు, "సంగీతం నేర్చుకుంటే పిల్లకి మంచి బుద్ధులు వస్తాయంటారా, మాస్టారూ?" అని అడిగినప్పుడు ఈ ప్రశ్నయే నా యెదుట నిలిచినది. శాస్త్రమును జూపి ఔననుట సులభము. ఆ పిల్ల మేలు గోరువాడు అట్లు చెప్పరాదు.

వయొలిన్ మనది కాదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున బాలుస్వామి దీక్షితులు దానిని అభ్యసించి మన సంగీతమునకు లోబఱచెను. అది మన తెలుగునేలపై ఏ శిఖరము నందుకొన్నదో తెలియగోరువారు ద్వారం వెంకటస్వామినాయుడుగారిని తలచుకొనవలెను. 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగి, చూపు మందగించుటచే బడిచదువు సాగక, అన్నగారి శిక్షణలో కమాను పట్టిన ఆ బాలుడు 1919లో విజయనగర సంగీత కళాశాలలో ఆచార్యుడై, 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి యనంతరము అధ్యక్షుడయ్యెను. 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీని అందుకొనెను. వయొలిన్‌ను పక్కవాద్యముగానే యెఱిగిన సభలలో దానినే ప్రధానముగా నిలిపి కచేరీ చేసి మెప్పించిన ఘనత ఆయనది. బిరుదములకంటె నాకు ముఖ్యముగా తోచునది వేఱొకటి. పక్కవాద్యమనునది నిత్యనిగ్రహవ్రతము. గాయకుడు రాగమును విస్తరించుచుండగా తన విద్యనంతయు లోన దాచుకొని, ఆయన పోయిన త్రోవనే అనుసరించి, తన వంతు వచ్చినప్పుడు ఆయన చెప్పినదానికి భంగము రాకుండ పలుకవలెను. ఎప్పుడు వాయింపరాదో ఎఱుగుట ఆ విద్యలో సగపాలు. ఇట్టి శిక్షణనుండి వచ్చినవాడు గనుకనే నాయుడుగారు ఒంటరిగా వాయించినప్పుడును ఆర్భాటమునకు దూరముగా సౌకుమార్యమును జూపగలిగెనని నా నమ్మకము.

ఈ నిగ్రహమును వేదికనుండి జీవితమునకు దింపిన జర్మను వయొలిన్ విద్వాంసుడొకడుండెను. 1891లో సీగెన్ పట్టణమున పుట్టిన అడాల్ఫ్ బుష్ యూదుడు కాడు. నాజీలు ఆదరింపగోరిన స్వజాతివాడే. 1933 ఏప్రిల్ 1వ తేదీన యూదుల అంగళ్లపై బహిష్కారము జరుపబడగా, ఆయన జర్మనీలో తన కచేరీలను రద్దుచేసికొనెను. తనతో కూడి పియానో వాయించు రుడాల్ఫ్ సెర్కిన్ యూదుడు. అతడే తరువాత ఆయనకు అల్లుడయ్యెను. 1938లో ఇటలీ కూడ జాతిశాసనములు చేయగా అచ్చటను వాయింపనని మానెను. మఱుసటి యేడు అమెరికా చేరి, అచ్చట ఐరోపాలోని కీర్తికి తగిన ఆదరణము దొరకకున్నను తన మాట తిప్పలేదు. 1951లో సెర్కిన్ ప్రభృతులతో కలిసి మార్ల్‌బరో సంగీతోత్సవమునకు పునాది వేసి, మఱుసటి యేడు కన్నుమూసెను. అధర్మమునకు అలంకారముగా నాదము నీయనొల్లని ఆ మౌనమును ఉపాసనలో భాగముగా గాక మఱేమని యెంచవలెను? నిధికంటె రాముని సన్నిధిని మిన్నగా నెంచిన త్యాగయ్యగారు దీనిని మనకంటె ముందుగా గ్రహించియుందురు.

బుష్ దగ్గఱ బాల్యమున పాఠము చెప్పుకొనినవాడే వయొలిన్ విద్వాంసుడైన యెహూదీ మెనూహిన్. 1952లో మదరాసునకు వచ్చినప్పుడు ఆయన నాయుడుగారి వాదనము విని ముగ్ధుడయ్యెను. ఈ మెనూహిన్, తాను యూదుడై యుండియు, 1945లో బెర్గెన్ బెల్సెన్ శిబిరమునుండి బయటపడినవారి యెదుట వాయించెను. రెండేండ్లకు బెర్లినులో, నాజీలకాలమున జర్మనీలోనే పనిచేసిన ఫుర్ట్‌వాంగ్లర్ నడపిన వాద్యబృందముతో వాయించి తనవారి నిందలకు గురియయ్యెను. గురువు మానిన నేలపై శిష్యుడు వాయించెను. ఇద్దఱి నిర్ణయములును నాకు ధర్మముగానే తోచుచున్నవి. ఏలయన ఒకడు క్రౌర్యము సింహాసనమెక్కినప్పుడు మానెను, రెండవవాడు అది కూలినపిదప, పగను ముగింపగోరి, వాయించెను. ఈ వివేకమును శ్రుతిలయలు తమంతట ఈయవు. పక్కవాద్యము నేర్పు నిగ్రహము దానికి సాధకుని సిద్ధపఱచునేగాని, ఏ సభకు పోవలెనో చెప్పదు. కనుక ఆ తండ్రితో, పిల్లను నేర్చుకొననిండనియు, మంచిచెడ్డలు మాత్రము పాఠమునకు వదలక ఇంటిలో మీరే చెప్పుకొనుడనియు అంటిని.