తడి ఒకచోట, కారేది ఒకచోట



పాళీలో ఆసవం అనే మాట ఉంది. కారేది, స్రవించేది అని దాని అర్థం. రక్తస్రావం అంటాం గదా, ఆ స్రావానికీ ఈ ఆసవానికీ మూలం ఒకటే. (ఆయుర్వేదం కొట్లో సీసాల్లో అమ్మే ఆసవం సంగతి కాదు నేను చెప్పేది.) మజ్ఝిమ నికాయంలో రెండో సుత్తం, సబ్బాసవ సుత్తం, అంతా దీని గురించే. ఈ కారుడును ఆపటానికి తథాగతుడు అందులో ఏడు దారులు చెప్పాడు. మొట్టమొదటిది దస్సనం, అంటే చూడటం. ఓర్చుకోవడం, వదిలించుకోవడం లాంటివన్నీ దాని తర్వాతే.

ఈసారి దీన్ని ఒక పాత వ్యాన్ పక్కన నిలబడి మాట్లాడుకుందాం. మన పేటల్లో బండి మీద బతికే ఇళ్లు తక్కువేం కాదు.

పల్నాడు వైపు ఒక ఉపాసకుడున్నాడు. మిరప కోతలప్పుడు కూలికి పోయే ఆడవాళ్లను తెల్లవారుజామున చేలకు చేరవేసి, సాయంత్రం ఇళ్లకు తెస్తాడు. పదిహేనేళ్ల నాటి డీజిల్ వ్యాన్ అది. రాత్రి నిలిపిన చోట పొద్దున్నే నల్లటి మరక కనబడేది. వారం తిరిగేసరికి లీటరు ఆయిల్ పోయాల్సి వచ్చేది. షెడ్డులో చూపిస్తే, "క్రాంక్ వెనకాల సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అన్నారు. సీలు ఖరీదు వందల్లోనే. దాని దగ్గరకు చెయ్యి పోవాలంటే గేర్‌బాక్సు, క్లచ్చి ఊడదీయాలి గనక కూలి వేలల్లో. మొత్తం 18 వేలన్నారు. నూటికి 5 రూపాయల వడ్డీకి తెస్తే తప్ప ఆ డబ్బు లేదు. కోతల మధ్యలో బండి ఆగితే ఆ నాలుగు రోజుల సంపాదనా పోతుంది.

ఆ రాత్రి ఇంట్లో సలహాలు మొదలైనాయి. తల్లి అంది: "ఒరే అయ్యా, బండికి దిష్టి తగిలిందిరా. ఇంటి ముందు ఆగినప్పుడల్లా అందరి కళ్లూ దాని మీదే. నాలుగు మిరపకాయలు, ఒక నిమ్మకాయ కట్టు." బావమరిది అన్నాడు: "ఇంజన్ మెరిసేట్టు కడిగించి అమ్మెయ్ బావా. కొనేవాడి తిప్పలు కొనేవాడివి."

ఆ తల్లి కూడా దీక్ష తీసుకున్న మనిషే. నవ్వకండి. కారణం అడిగే హక్కు తరతరాలుగా మనకు లేకుండా చేశారు. కారణం తెలియని చోట దిష్టి వచ్చి కూర్చుంటుంది. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఏది ధమ్మం కాదో చెబుతూ, మానవాతీత శక్తుల మీద నమ్మకాన్నే ముందు పెట్టాడు. జరిగే ప్రతిదానికీ కారణం ఉంటుంది, అది మనిషి చేతలోనో ప్రకృతి నియమంలోనో ఉంటుంది అన్నాడు. నిమ్మకాయకు అయ్యే ఖర్చు పెద్దది కాదు. అది ముందర వేలాడుతున్నన్నాళ్లూ బండి కిందికి వంగి చూసేవాడు ఉండడు, అసలు నష్టం అక్కడుంది.

బావమరిది మాట ఇంకా చెడ్డది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడను అన్నది ఒకటి. కడిగిన ఇంజన్ కూడా నోరు లేకుండా అబద్ధమాడుతుంది. పదిహేనేళ్ల బండిని కొనేది ఎవరు? మనలాంటి ఇంకో పేటవాడే గదా!

మర్నాడు అతను పక్క ఊళ్లో ఒక పెద్దాయన, సాయిబు మెకానిక్ దగ్గరకు పోయాడు. ఆయన బండి కింద దూరి చూసి, "తడి చూసి సీలు అనగూడదు నాయనా. ఆయిల్ పైనుంచి కిందికి జారుద్ది, బండి పరుగెత్తేప్పుడు గాలికి వెనక్కి పోద్ది. మొదట కడుగుదాం" అన్నాడు. ఇంజన్ చల్లారాక డీజిల్, బ్రష్షుతో జిడ్డంతా తీసి, ఆరబెట్టి, అనుమానం ఉన్న చోట్ల ముఖానికేసే పౌడర్ చల్లాడు. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తెమ్మన్నాడు. తెచ్చాక టార్చిలైటు వేసి, "నువ్వే చూడు" అన్నాడు. ధమ్మాన్ని ఏహిపస్సికో అంటాం. వచ్చి చూడు అని. ఆ సాయిబుగారికి పాళీ రాదు.

పౌడర్ మొదట తడిసింది పైన, టాపెట్ కవర్ వెనక అంచున. ప్యాకింగ్ ఎండి రాయిలాగ అయింది. అక్కడ కారిన ఆయిల్ ఇంజన్ వీపు మీదుగా జారి, సరిగ్గా గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలు కడుతోంది. ముందు షెడ్డువాళ్లది మోసమని నేననను. తడి అక్కడే ఉంది మరి.

ప్యాకింగ్ మార్చి పంపేయొచ్చు గదా. ఆయన ఆగలేదు. ఇంజన్ ఆడుతుంటే ఆయిల్ పోసే మూత తీసి చూశాడు. లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం మడ్డితో పూడుకుపోయింది. పిస్టన్ పక్కల నుంచి ఎంతో కొంత పొగ కిందికి దిగటం ఏ ఇంజన్‌కైనా ఉంటుంది. దానికి దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను బయటికి తోస్తుంది. గొట్టం శుభ్రం చేయకుండా ప్యాకింగ్ మారిస్తే కొన్నాళ్లకు ఇంకో సీలు కారేది. రింగులు అరిగి ఉంటే మూత తీయగానే పొగ దట్టంగా ఎగదన్నేది, అది వేరే కథ. అన్నీ కలిపి 2 వేలు దాటలేదు.

మన ఇళ్లల్లో కారేవాటిని కూడా ఇలాగే చూడాలని నా మనవి. పగలంతా పొలంలోనో ఆఫీసులోనో అవమానం మింగినవాడు రాత్రి ఇంట్లో కోపం కక్కుతాడు. తడి ఇంట్లో, కారుతున్నది ఇంకెక్కడో. తాగుడుకీ చెయ్యి చేసుకోవడానికీ ఇది సాకు కాదు, పంచశీల పంచశీలే. కానీ అతన్ని నలుగురిలో తిట్టి వదిలేస్తే ప్యాకింగ్ ఒక్కటే మార్చినట్టు. ఆ అవమానం మీద సంఘం కూడా నోరు విప్పాలి.

అందరికీ 2 వేలతో తేలదు. కడిగి చూసినాక కూడా వెనక సీలే అని తేలితే, ఆ ఖర్చు పెట్టాల్సిందే. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు గనక క్లచ్చి ప్లేటు అప్పుడే చూపించండి, అదే కూలి రెండోసారి పడదు. కారుడు ఆపే మందు సీసాలను నమ్ముకోకండి. గట్టిపడ్డ సీలును కొంత మెత్తబరుస్తాయేమో గాని, చీలిన సీలును అతికించవు. సుత్తంలో ఓర్చుకుని దాటేవి కూడా ఉన్నాయన్నాడు గదా. చెమ్మలా పట్టి చుక్క పడని పాత ఇంజన్‌ను ఓర్చుకోవచ్చు. రోజూ పొద్దున్నే, ఇంజన్ వేడెక్కక ముందు, చదునైన చోట గేజి పుల్ల తీసి చూస్తే చాలు. పై గీత దాటి పోయకండి, ఎక్కువ పోసినా కారుతుంది. డాష్ మీద ఆయిల్ ఎర్రలైటు వెలిగితే మాత్రం ఇంకో ఫర్లాంగు కూడా పోవద్దు. ఇంజన్ పట్టేస్తే 18 వేలు కాదు, బండే పోతుంది.

ధారగా కారేదాన్ని ఓర్చుకోవడం మాత్రం ఓర్పు కాదు. సైలెన్సర్ మీద పడితే మంట లేస్తుంది, లోపల ఇరవై మంది ఆడకూతుళ్లుంటారు. రోడ్డు మీద పడిన ఆయిల్ తొలి వానకు జారుడవుతుంది. వెనకాల బైకు మీద వచ్చేవాడెవరో మనకు తెలియదు, ప్రాణానికి హాని చేయనన్న మొదటి శీలం అతనికీ వర్తిస్తుంది. తీసిన పాత ఆయిల్‌ను కాలవలో పారబోయకుండా షెడ్డులో డ్రమ్ముకు ఇవ్వండి.

ఆ తల్లి మళ్లీ నిమ్మకాయ మాట ఎత్తలేదట. కొడుకు తెల్లవారుజామున బండి తీసేముందు, "గేజి చూశావా అయ్యా?" అని అడుగుతోందట.

నమో బుద్ధాయ. జై భీమ్.