సాయంత్రపు పడవ



పెనుమూడి రేవు మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. 2006వ సంవత్సరములో పులిగడ్డ వారధి తెరువకమునుపు రేపల్లె వైపు వారము దివిసీమకు పోవలెనన్న ఆ రేవున పడవ ఎక్కెడివారము. ఉదయము వెళ్లి, పని చూచుకొని, చివరి పడవకు తిరిగి వచ్చుట వాడుక. ఆ పడవ తప్పునేమోయను దిగులు నన్నెప్పుడును విడువలేదు.

మన సంఘములోని ఒక సహోదరి ఏండ్ల తరబడి కూడబెట్టి, ప్రకటన గ్రంథములోని ఏడు సంఘముల స్థలములు చూడబోవుచున్నది. ప్రయాణములో ఒక దినము పత్మాసు ద్వీపమునకు ఓడలో పోయి వచ్చుట కూడ ఉన్నదట. “అయ్యగారూ, ఆ ద్వీపము చూచినచో యోహానుగారు వ్రాసినది బాగుగా తెలియునా?” అని నన్నడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు.

మన నేల కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. పత్మాసు అట్లు కాదు, అగ్నిపర్వతములు కక్కిన రాతితో ఏర్పడినది. సుమారు 34 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి. విమానము దిగు చోటు లేదు, ఓడయే గతి. స్కాలా అను రేవులో దిగి, యోహాను దర్శనము చూచెనని అక్కడివారు నమ్ము గుహను, కొండపైన 1088లో స్థాపించిన మఠమును చూచి, భోజనము చేసి, సాయంత్రము ఓడ ఎక్కవచ్చును. ఇందులో పాపమేమియు లేదు. గాయములు చూడగోరిన తోమాను ప్రభువు త్రోసివేయలేదు గదా (యోహాను 20:27).

అయితే యోహానుకు సాయంత్రపు ఓడ లేదు. ఆ దీవి పేరును అతడు ఒక్కసారి మాత్రమే చెప్పెను (ప్రకటన 1:9). రాళ్ల సంగతి గాని గుహ సంగతి గాని వ్రాయలేదు. ఆవలి ఒడ్డున శ్రమపడు సంఘములకు తాను సహోదరుడననియు, వారి శ్రమలో తనకును పాలు కలదనియు వ్రాసెను. క్రొత్త భూమిని చూచినప్పుడు అక్కడ సముద్రము ఇక లేదనెను (ప్రకటన 21:1). నిజాంపట్నములో ఈ మాట చదివినప్పుడు ఒక జాలరి, “సముద్రము లేకుంటే మా బ్రతుకేమగును అయ్యగారూ?” అనెను. న్యాయమైన ప్రశ్నయే! కాని యోహానుకు ఆ నీరు వలవేయు చోటు కాదు, చెరసాల గోడ.

ఈ సంగతి నాకు పుస్తకములలో బోధపడలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలాదిమందిని తీసికొనిపోయెను. కొన్ని దినముల తరువాత మేము కొందరు యౌవనులము బియ్యము, బట్టలు తీసికొని పడవ దాటితిమి. ఒక ముసలమ్మ కూలిన గోడ ప్రక్కన కూర్చుండి, పోయిన మనుమల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుచుండెను. నేను వినుచునే ప్రొద్దువైపు చూచితిని. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. ఆమె గమనించి, “వెళ్లు నాయనా, నీకు పడవ ఉన్నది గదా” అనెను. కోపముతో అనలేదు. నేను వెళ్లితిని.

ఏడ్చువారితో ఏడువుమను ఆజ్ఞ (రోమా 12:15) మీద ఎన్నో ప్రసంగములు చేసితిని. ప్రతిసారియు ఆ మాట చెవిలో పడును. బియ్యమిచ్చుట మంచిదే, అది వారి ఆకలి తీర్చెను. కాని ఆమెకు ఆ గడియ కావలసినది ప్రొద్దు చూడని మనిషి. వాక్యము శరీరధారియై మన మధ్య కాపురముండెనని యోహానే వ్రాసెను (యోహాను 1:14). ప్రభువు మన బాధను చూచి, సాయంత్రమునకు తిరిగి పోవుటకు రాలేదు. ముప్పది యేండ్లు ఒక పల్లెటూరి వడ్రంగి యింట నుండెను.

ఆ సహోదరితో వెళ్లి రమ్మనియే చెప్పితిని. ఓడ దిగి అందరును గుహవైపు నడచునప్పుడు, ఆమె కొంతసేపు రేవునందే నిలిచి, తిరుగు ఓడ లేదని తలంచుకొని ఆ నీటిని చూడవలెనని మాత్రము అడిగితిని.