అవ్వ ఇచ్చిన పూట

పొద్దున్నే టేకల్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్న అవ్వలను, తాతలను చూస్తే నాకు మన కోలారు జిల్లా శ్రీనివాసపురమే గుర్తొస్తుంది. అందరికీ అది మామిడిపండ్ల ఊరు. కానీ అక్కడ ఇంకో పెద్ద పని జరుగుతోంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం, ఆ తాలూకా పల్లెల్లో 2018 నుంచి 'శాన్స్‌కాగ్' అనే అధ్యయనం నడుపుతోంది. 45 ఏళ్లు దాటిన 10,000 మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి వాళ్ల ఆరోగ్యాన్ని, జ్ఞాపకాన్ని గమనించాలన్నది సంకల్పం. రక్తపరీక్షలు, మెదడు ఎమ్మారై, జ్ఞాపకశక్తి పరీక్షలు ఇందులో భాగం. చేరేది మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లు కాదు, రానివాళ్లు. మార్పు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ముందునుంచే చూడాలి కదా!

ఇన్నాళ్లూ ఇలాంటి పరిశోధనలు ఎక్కువగా సాగింది పడమటి దేశాల్లో, చదువుకున్నవాళ్ల మీద. బడి మొహం చూడని మన అవ్వకు కాగితం, పెన్సిలు ఇచ్చి జ్ఞాపకాన్ని కొలిస్తే ఏం తెలుస్తుంది? మూడు తరాల చుట్టరికాలు, ఏ ఏడు చెరువు నిండిందో ఆమె నోటిమీదే ఉంటాయి. చదువు రాకపోవడం మతిమరుపు కాదు. ఈ తేడా తెలిసేలా పరీక్ష ఉండాలి.

మతిమరుపును కొలవడమే కాదు, కొంతవరకు ఆపే దారీ ఉంది. అధిక రక్తపోటు, చక్కెర జబ్బు, వినికిడి లోపం, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిదిద్దగలిగితే, ప్రపంచంలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ అంచనా వేసింది. వినికిడి తగ్గిందని అవ్వను మాటల్లోంచి తప్పించేస్తున్నామే, అదే నన్ను కలచివేస్తుంది.

ఇలాంటి అధ్యయనానికి మీ ఇంటి పెద్దలను పిలిస్తే, పక్కన కూర్చుని అన్నీ అడగండి. ఏం పరీక్షలు, వివరాలు ఎవరు చూస్తారు, ఎన్నిసార్లు రావాలి? ఇష్టం లేకుంటే వద్దనే హక్కు, మధ్యలో మానుకునే హక్కు వాళ్లకుంది. ఒప్పుకుంటే, ఆ పూట పొలం పని మీరు చూసుకోండి.