బిడ్డను ఎవరి చేతులలో పెట్టుచున్నాము?



ఏప్రిల్ నెల చివరి వారమున బడులు మూతపడును. 2024లోను, 2025లోను మన తెలంగాణ ప్రభుత్వము ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు వేసవి సెలవులు ప్రకటించినది. అనగా 49 దినములు. ఈ 49 దినములు బిడ్డ ఎచ్చట ఉండవలెను? ఎవరి యొద్ద ఉండవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. కాని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల శరణ కుటుంబములలో నేడు ఇంతకంటె బరువైన ప్రశ్న లేదు.

ఈ ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు, కోళ్లఫారములకు, చెరువు క్రింది వరిపొలములకు పేరుపొందినది. నేడు మేడ్చల్ చుట్టును కర్మాగారములు, శామీర్‌పేట వైపు ఔషధ పరిశోధన సంస్థలు, న్యాయ విశ్వవిద్యాలయము, వాటిని అంటిపెట్టుకొని క్రొత్త కాలనీలు వెలసినవి. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి పేరుతో ప్రత్యేక జిల్లాయే ఏర్పడినది. తండ్రి ఒక షిఫ్టునకు, తల్లి మరియొక ఉద్యోగమునకు పోవుచున్నారు. తాత, నాయనమ్మలు ఎక్కడో స్వగ్రామమున ఉన్నారు. కావున బిడ్డను పగటి శిబిరమునకు పంపుట విలాసము కాదు, అవసరము. కష్టపడి జీవించుట కాయకము. కాయకమునకు పోవు తల్లిని "బిడ్డను విడిచి పోవుచున్నావే" అని నిందించుట శరణ ధర్మము కాదు. ఆమెను నిందింపక, ఎంపికలో ఆమెకు తోడుపడుట మన విధి.

మార్చి నెల రాగానే గోడలపైన, స్తంభములపైన ఫ్లెక్సీలు వెలయును. నాట్యము, కరాటే, చదరంగము, ఈత, గుఱ్ఱపు స్వారీ, రోబోల తయారీ, ఇట్లు జాబితా సాగును. మనము ఫోను చేసి అడుగునవి రెండే ప్రశ్నలు: ఏమేమి నేర్పుదురు? రుసుము ఎంత? ఈ రెండును అడుగవలసినవే. కాని ఇవి మొదటి ప్రశ్నలు కావు. మొదటి ప్రశ్న ఒక్కటే: నా బిడ్డను ఎవరి చేతులలో పెట్టుచున్నాను?

సోదరులారా, మన ఆచారమును ఒక్కసారి తలచుకొనుడు. ఇష్టలింగమును మనము దేహము నుండి వేరుచేయము. పరుల చేతికి ఇయ్యము. కరస్థలమున నిలిపి పూజించి, మరల హృదయమునకు హత్తుకొందుము. అంత జాగ్రత్త గల మనము, ఆ లింగమును మెడలో ధరించిన బిడ్డను మాత్రము పేరైనను తెలియని ఆటో డ్రైవరునకు అప్పగించి, గుమ్మములో నిలిచి చేయి ఊపుచున్నాము. దేహమే దేవాలయమని బసవేశ్వరులు బోధించిరి. మరి ఆ చిన్ని దేవాలయము దినమునకు ఎనిమిది గంటలు ఎవరి కాపలాలో ఉన్నదో విచారింపవలదా?

విచారించుటకు మనకు మొగమాటము. పెద్ద గేటు, చల్లని గది, ఇంగ్లీషు మాటలు చూడగానే మన నోరు పెగలదు. అడిగినచో ఏమనుకొందురో అని సందేహింతుము. కల్యాణ నగరములోని అనుభవమంటపమును స్మరింపుడు. పన్నెండవ శతాబ్దమున అల్లమప్రభువు శూన్యసింహాసనముపై ఆసీనుడై యుండగా, అచ్చటికి వచ్చిన అక్కమహాదేవి అంతటి విరాగినిని సైతము ప్రశ్నింపక చేర్చుకొనలేదని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఆమె కోపింపలేదు. నిలిచి సమాధానమిచ్చినది. ప్రశ్నవలన ఆమె గౌరవము తగ్గలేదు, పెరిగినది. ప్రశ్న అవమానము కాదు. సత్యముగా కాయకము చేయువాడు ప్రశ్నను చూచి సంతోషించును. ప్రశ్నకు విసుగుకొను శిబిరమునకు బిడ్డను పంపకుండుటయే మేలు.

ఇంక ఏమి అడుగవలెను? మొదట మనుష్యులను గూర్చి అడుగుడు. నేర్పువారెవరు? వారి పూర్వ వృత్తాంతమును నిర్వాహకులు విచారించినారా? చిన్నపిల్లలను మరుగుదొడ్డికి తీసికొనిపోవు ఆయా ఎవరు? ఒక్క పెద్దమనిషి ఒక్క బిడ్డతో తలుపు మూసిన గదిలో ఉండు అవకాశము కలదా? సాయంకాలము మేము రాలేనిచో ఎవరికి అప్పగింతురు, ఎట్లు గుర్తింతురు? చేరుటకు ముందు ఒకసారి, చేరిన పిదప చెప్పకుండ మరియొకసారి స్వయముగా పోయి చూడుడు. తల్లిదండ్రులు లోపలికి రాకూడదను నియమము ఎచ్చట ఉన్నదో, అచ్చట మీ బిడ్డయు ఉండరాదు.

రెండవది, దారి. మేడ్చల్ జాతీయ రహదారి 44 పైన ఉన్నది. శామీర్‌పేట రాజీవ్ రహదారి పైన ఉన్నది. రెండు దారులందును లారీలు రాత్రింబవళ్లు పరుగిడుచుండును. మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు పోవు రైలుమార్గముననే, మెదక్ జిల్లా మాసాయిపేట యొద్ద 2014 జులై 24వ తేదీ ఉదయము, కాపలా లేని లెవల్ క్రాసింగును దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా పసిబిడ్డలు ప్రాణములు కోల్పోయిరి. ఆ తల్లులును ఆ ఉదయము అన్నము డబ్బాలు కట్టి, చేయి ఊపి పంపినవారే. 2019 నాటికి దేశమున బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని క్రాసింగులను తొలగించిరి. కాని ముగ్గురు కూర్చుండవలసిన ఆటోలో పదిమందిని కుక్కు అలవాటు ఇంకను తొలగలేదు. కావున బండి ఏది, నడుపువాడెవడు, అతడు రానినాడు ఎవడు నడుపును, పిల్లలతో మరియొక పెద్దమనిషి ఉండునా అని అడుగుడు. గొప్ప శిబిరము దూరమున ఉండి, సాధారణమైనది నడచిపోవునంత దగ్గర నున్నచో, దగ్గరదానినే ముందు చూడుడు.

మూడవది, ఎండ, నీరు. మే నెలలో మన ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటు దినములు కలవు. పరుగులు, ఆటలు ఉదయము పూటనే ముగించి, మధ్యాహ్నము నీడపట్టున కథలు, బొమ్మలు, పాటలు సాగించు శిబిరము బుద్ధి గలది. రేకుల షెడ్డు క్రింద మిట్టమధ్యాహ్నము గెంతించునది బుద్ధిలేనిది. త్రాగునీరు ఎచ్చటిది, గంటకొకసారి త్రాగించుదురా, వడదెబ్బ తగిలినచో ఏ ఆసుపత్రికి తీసికొనిపోవుదురు అని విచారింపుడు. ఈతకొలను ఉన్నచో, పిల్లలు నీటిలో ఉన్నంతసేపు కన్ను మరల్పక చూచు మనిషి, ఈత నేర్పువాడు గాక వేరుగా, గట్టున ఉన్నాడా? శామీర్‌పేట చెరువు చూచుటకు మనోహరమైనది. కాని ఏ చెరువునందైనను అడుగున నున్న బురద, గోతులు కంటికి కనబడవు. గట్టుపై నుండి చూపి తీసికొనివచ్చినచో సంతోషమే. పిల్లలను అందు దింపుదుమను శిబిరమునకు నమస్కరించి తిరిగి రండు.

నాలుగవది, ఆశ. ఇరువది దినములలో మీ వాడిని విజేతను చేసెదమని కొందరు చెప్పుదురు. మన హకీంపేటలో 1993లో స్థాపితమైన క్రీడా పాఠశాల కలదు. అచ్చట బిడ్డలను ఎన్నిక చేసి, ఏండ్ల తరబడి సాధన చేయింతురు. ఏండ్లు పట్టు పనిని ఇరువది దినములలో చేసెదనన్నవాడు సత్యము పలుకుట లేదు. హైదరాబాదు నగరపాలక సంస్థ మైదానములలో అతి తక్కువ రుసుముతో వేసవి క్రీడా శిక్షణ జరుపు పద్ధతి ఎన్నో ఏండ్లుగా కలదు. రుసుము తక్కువగుట లోపము కాదు. రుసుము ఎక్కువగుట గుణమును కాదు.

ఐదవది, సాంగత్యము. మనలో కొందరు నిర్వాహకులను చాటుగా ఒక ప్రశ్న అడుగుదురు: "అందరును మనవంటి వారేనా?" సోదరులారా, అడుగదగని ప్రశ్న ఏదైనా ఉన్నచో ఇది యొక్కటే. అనుభవమంటపమున చాకలి మాచయ్య, చర్మకారుడు హరళయ్య, పడవ నడుపు చౌడయ్య ఒక్క వరుసలో కూర్చుండిరి. కర్మాగారమున పనిచేయుటకు ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చిన కూలివాని కొడుకు మీ బిడ్డ ప్రక్కన కూర్చున్నచో, ఆ వేసవిలో మీ బిడ్డ నేర్చుకొన్న మొదటి బసవ పాఠము అదియే. మన ఇంటి శాకాహారపు డబ్బాను పంపుడు, తప్పు లేదు. కాని ప్రక్కవాని డబ్బాను చూచి ముక్కు చిట్లింపకుండ నేర్పి పంపుడు.

ఇంక బిడ్డ ఇష్టమును గూర్చి ఒక మాట. బాల బసవన్న ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి తలపెట్టిన ఉపనయనమును వలదనెను. కారణమును చెప్పి నిలిచెను. ఆ బాలుని మాటను పెద్దలు నాడు అల్లరిగా తలచిరి. లోకము దానిని నేడు ధర్మముగా తలచుచున్నది. కావున చేర్చుటకు ముందు బిడ్డనే అడుగుడు. ప్రక్కయింటివాడు కరాటే నేర్చుచున్నాడని మట్టిబొమ్మలు చేయగోరు బిడ్డను కరాటేకు పంపుట బిడ్డ కొరకు కాదు, మన గొప్ప కొరకు.

ఇంతవరకు చెప్పినది ఎంపికకు ముందు చేయవలసినది. ఎంపిక ఒక్కనాటితో ముగియదు. ప్రతి సాయంకాలమును ఎంపికయే. పాల్కురికి సోమనాథుడు తెలుగు బసవ పురాణమున చెప్పిన గొడగూచి కథ మీకు తెలియనిది కాదు. తండ్రి పొరుగూరికి పోవుచు, శివునికి నిత్యము పాలు నివేదించు పనిని చిన్నకూతునకు అప్పగించెను. శివుడు నిజముగా పాలు త్రాగవలెనని ఆ పసిది నమ్మినది. త్రాగకున్నచో ఏడ్చినది. ఆ ముద్దమాటలకు కరిగి శివుడు త్రాగెను. తండ్రి వచ్చి పాలెక్కడ అని అడిగెను. శివుడు త్రాగెనని చెప్పినది. తండ్రి నమ్మలేదు. కొట్టబోయినాడు. శివుడు ఆ బిడ్డను తన లింగములోనికి చేర్చుకొనెను. తండ్రికి కూతురు దక్కలేదు.

ఈ కథను మనము భక్తికథగా వందసార్లు విన్నాము. నేడు తండ్రి వైపు నుండి ఒక్కసారి వినుడు. బిడ్డ సత్యము చెప్పినది. పెద్దవాడు నమ్మలేదు. కథలో ఉన్న దుఃఖమంతయు ఆ ఒక్క వాక్యములో ఉన్నది. శిబిరము నుండి వచ్చిన బిడ్డను "ఏమి నేర్చుకొంటివి?" అని మాత్రమే అడిగి విడువకుడు. ఎవరితో ఆడుకొంటివి, ఎవరు కోపపడిరి, నీకు నచ్చని పని ఎవరైనను చేసిరా అని మెల్లగా అడుగుడు. రోజూ ఉదయము కడుపునొప్పి అనుచున్నదా? ఒక మనిషి పేరు వినగానే మాట ఆపివేయుచున్నదా? పోనని మొండికి దిగుచున్నదా? "డబ్బు కట్టినాము, పోయి తీరవలెను" అనకుడు. కట్టిన రుసుము పోయినచో మరల సంపాదింపవచ్చును.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ ప్రకటించిన అధ్యయనము, పిల్లలను లైంగికముగా బాధించినవారిలో సగముమంది బిడ్డకు తెలిసినవారే, బిడ్డ నమ్మినవారే అని తెలిపినది. కావున ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. శిబిరము మన మఠములో జరిగినను, మన సంఘమువారు జరిపినను, నేర్పువాడు విభూతి ధరించినవాడైనను, పైన చెప్పిన ప్రశ్నలన్నియు అడుగవలసినదే. వేషమునకు కాదు, ఆచారమునకు మ్రొక్కుమని శరణులు చెప్పిరి. నిజమైన జంగముడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు.

బిడ్డకు కీడు జరిగినదని తెలిసినచో, పరువు పోవునని కప్పిపుచ్చుట మహాపాపము. పంచాచారములలో గణాచారము ఒకటి. అన్యాయమును చూచి ఊరకుండకుండుటయే గణాచారము. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపుట విధి. పిల్లల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్య కలదు. ఆ సంఖ్యను బిడ్డకు కూడ కంఠస్థము చేయించుడు.

చివరగా దాసోహము. రుసుము కట్టలేని తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు. వారి బిడ్డలు ఎండలో రోడ్డుప్రక్కన, కట్టుచున్న భవనముల గుంతల యొద్ద ఆడుకొనుచున్నారు. ఐదారు కుటుంబములు కలిసి, ఒక ఇంటి వరండాను ఎన్నుకొని, వంతుల వారీగా ఇద్దరేసి పెద్దలు ఉండి, పది దినములైనను శిబిరమును మనమే జరుపవచ్చును. ఒకనాడు కుమ్మరి వచ్చి మట్టిని చూపును. ఒకనాడు నర్సుగా పనిచేయు సోదరి గాయమునకు కట్టు కట్టుట నేర్పును. ఒకనాడు ప్రొద్దుటే బయలుదేరి కీసరగుట్ట రామలింగేశ్వరుని, గుట్టపై చెదరియున్న లింగములను చూచి, ఎండ ముదురక మునుపే తిరిగి రావచ్చును. కాపలావాని బిడ్డకు, కూలివాని బిడ్డకు అందులో చోటుండవలెను. ఇదియే కాయకము, ఇదియే దాసోహము.

శరణ బంధువులారా! సెలవులు ముగిసిన నాడు మన బిడ్డ పతకము తెచ్చినదా, ధ్రువపత్రము తెచ్చినదా అని లెక్కింపకుడు. పంపిన బిడ్డ పంపినట్లే, అదే నవ్వుతో, అదే నిర్భయముతో, ఒకరిద్దరు క్రొత్త స్నేహితుల పేర్లు చెప్పుచు తిరిగి వచ్చినచో, మీ ఎంపిక ఫలించినట్లే. కూడలసంగమదేవుని కృప మన బిడ్డలందరిపై ఉండుగాక. ఆ కృపకు పాత్రులగుటకు మన కన్నులు తెరచియుండుగాక.