సర్టిఫికెట్ కోసం చేసిన సేవ సేవేనా?

భగవద్గీత 17వ అధ్యాయం గురించి మాట్లాడుకున్నప్పుడు మూడు రకాల దానాలు చెప్పుకున్నాం కదా. అక్కడ టైం సరిపోక వదిలేసిన ప్రశ్న ఒకటుంది. కాలేజీలో చదివేవాళ్లు దాన్ని ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. "మాకు సేవ కంపల్సరీ. గంటలు పూర్తి చేస్తే క్రెడిట్లు వేస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. కృష్ణుడేమో ఫలం ఆశించకుండా చెయ్యమన్నాడు. మరి నేను చేసేది సేవ అవుతుందా? పుణ్యం వస్తుందా? లేకపోతే ఇది కూడా ఇంకో సబ్జెక్టేనా?"

తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదిది. ఎందుకంటే మన దేశంలో కాలేజీ పిల్లల సేవకి గంటల లెక్క ఎప్పట్నుంచో ఉంది. మనందరికీ తెలిసిన ఎన్.ఎస్.ఎస్. 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. గాంధీగారి శతజయంతి సంవత్సరం అది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి.రావు గారు 37 యూనివర్సిటీల్లో దాన్ని ప్రారంభించారు. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240 గంటలు, మధ్యలో ఒక ఊరికి వెళ్లి ఏడు రోజుల క్యాంపు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే డిగ్రీ వాళ్లకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని 180 గంటలు చదువులోనే పెట్టారు. ఇంటింటికీ తిరిగి సర్వే చెయ్యాలి, లాగ్ బుక్ నింపాలి, రిపోర్ట్ రాయాలి. అన్నట్టు, ఎన్.ఎస్.ఎస్. బ్యాడ్జి మీద ఉండే చక్రం కోణార్క్ సూర్యదేవాలయం రథచక్రం. రెండేళ్లు షర్టుకి పెట్టుకుని తిరిగినవాళ్లలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

సరే, ప్రశ్నకి వద్దాం. దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు "ఫలం ఆశించి చేశావు కాబట్టి పుణ్యం లేదు" అంటారు. ఫ్రెండ్స్ "ఎందుకు చేస్తే ఏంట్రా, పని జరిగిందా లేదా?" అంటారు. నాకు ఈ రెండూ నచ్చవు. మొదటిది సేవ చేసేవాడి మనసు చుట్టూ తిరుగుతుంది, రెండోది పని చుట్టూ తిరుగుతుంది. సేవ అందుకునే మనిషి ఏడీ? రెండింట్లోనూ కనపడడు.

గీతలో మాత్రం కనపడతాడు. 17వ అధ్యాయంలో 20, 21, 22 శ్లోకాలు మళ్లీ ఒకసారి తీసి చూడండి. తిరిగి ఏమీ చెయ్యలేనివాడికి, ఇవ్వాల్సిన బాధ్యత ఉంది కాబట్టి, సరైన చోట, సరైన సమయంలో ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం కోసమో, మనసులో ఏడ్చుకుంటూనో ఇచ్చేది రాజసం. సర్టిఫికెట్ సేవ ఎక్కడ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. రాజసమే. దాన్ని సాత్త్వికం అని సర్ది చెప్పుకోవాల్సిన పని లేదు. కానీ చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. దాని కింద ఇంకో మెట్టు ఉంది. మర్యాద లేకుండా, అవతలి మనిషిని చులకన చేస్తూ ఇచ్చేది తామసం అన్నాడు. అంటే ప్రతిఫలం ఆశించడం కన్నా చులకన చెయ్యడం పెద్ద తప్పన్నమాట.

దీన్ని మన చుట్టూ జరిగేదానికి పెట్టి చూడండి. బస్తీకి వెళ్తాం, యాభై పులిహోర ప్యాకెట్లు పంచుతాం. ఒక ముసలాయన చెయ్యి చాపుతాడు. "తాతా, ఒక్క నిమిషం, ఇటు చూడు" అని ఫోన్ సర్దుకునేదాకా ఆయన చెయ్యి అలా గాల్లోనే ఉంటుంది. ఆ రీల్ పెట్టినవాడికి సర్టిఫికెట్ మీద ఆశ ఏమాత్రం లేకపోవచ్చు. గీత లెక్కలో మాత్రం, క్రెడిట్ల కోసమే వచ్చి, ఎవరినీ కించపరచకుండా చెప్పిన పని చేసి వెళ్లిపోయిన కుర్రాడు ఇతని కన్నా పై మెట్టు మీదే ఉన్నాడు.

ఇక్కడ ఇంకో గ్రంథం దగ్గరికి వెళ్లాలి. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో పదకొండో అనువాకం. చదువు ముగించి ఇంటికి వెళ్లబోతున్న శిష్యుడికి ఆచార్యుడు చెప్పే మాటలు. ఇవాళ్టి భాషలో కాన్వొకేషన్ స్పీచ్ అనుకోండి. తల్లినీ తండ్రినీ గురువునీ అతిథినీ దేవుడిగా చూడమని చెప్పేది ఇక్కడే. ఆ తర్వాత ఇవ్వడం ఎలాగో చెప్తాడు. శ్రద్ధతో ఇవ్వు, నీకున్న సంపదకి తగ్గట్టు ఇవ్వు, సిగ్గుతో ఇవ్వు, భయంతో ఇవ్వు, సంవిత్తుతో ఇవ్వు. ఈ చివరి మాటకి శంకరాచార్యులు స్నేహం వంటివి అని అర్థం చెప్పారు.

ఈ వరసలో అశ్రద్ధ గురించి కూడా ఒక మాట ఉంది. అక్కడ సంధిని రెండు రకాలుగా విడదీయొచ్చు. ముందు పదం చివర 'ఆ' ఉంది, తర్వాతి పదం మొదట్లో 'అ' ఉన్నా లేకపోయినా కలిపి పలికితే ఒకేలా వినపడుతుంది. ఒకలా విడదీస్తే "అశ్రద్ధతో ఇవ్వకు" అని వస్తుంది. శంకరుల భాష్యం ఇలాగే తీసుకుంది. ఇంకోలా విడదీస్తే "శ్రద్ధ లేకపోయినా సరే, ఇవ్వు" అని వస్తుంది. అలా చదివేవాళ్లూ ఉన్నారు. మన ప్రశ్న మొత్తం ఈ ఒక్క సంధిలో ఉంది చూడండి! మనసు లేకుండా సేవ చెయ్యొచ్చా, మానెయ్యాలా?

నాకైతే అది పనిని బట్టి ఉంటుందనిపిస్తుంది. గుడి కోనేటి మెట్లు కడగడం, బడి ఆవరణలో ప్లాస్టిక్ ఏరడం, మొక్కలకి నీళ్లు పొయ్యడం లాంటివి ఉన్నాయి. వీటికి మనసు లేకపోయినా పర్వాలేదు, వెళ్లండి. మీ మూడ్ ఎలా ఉందో మెట్టుకి తెలియదు. రెండు మూడు వారాలు వెళ్తే మనసు దానంతటదే వస్తుంది కూడా. చెయ్యి ముందు నడిస్తే మనసు వెనకాల రావడం మనకి పూజలో తెలిసిన సంగతే కదా. రోజూ దీపం పెట్టే ప్రతివాడూ రోజూ భక్తితోనే పెడుతున్నాడా ఏంటి? కానీ అవతల ఒక మనిషి ఉండి, మీ అశ్రద్ధ నేరుగా ఆ మనిషికి తగిలే పనులు వేరే ఉన్నాయి. అక్కడ శంకరుల మాటే నిలబడుతుంది.

ఉదాహరణకి స్క్రైబ్ పని. కళ్లు కనపడని విద్యార్థులు నోటితో జవాబు చెప్తుంటే పక్కన కూర్చుని పేపర్ మీద రాసేవాళ్లు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల పరీక్షల సీజన్‌లో ఎన్.ఎస్.ఎస్. గ్రూపుల్లో "రేపటికి స్క్రైబ్ కావాలి, అర్జెంట్" అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. బయటి నుంచి చూస్తే ఇంత తేలికైన సేవ లేదు. ఫ్యాన్ కింద కూర్చుని రాయడమే. లోపల కూర్చున్నాక తెలుస్తుంది.

హిస్టరీ పేపర్ అనుకోండి. క్విట్ ఇండియా ఉద్యమం మీద ప్రశ్న. అభ్యర్థి "1940లో మొదలైంది" అని చెప్పాడు. మీకు 1942 అని తెలుసు. మీరు 1940 అనే రాయాలి. అంతే కాదు, పెన్ను ఆపకూడదు. "1940 నా?" అని గొంతు పైకి లేపకూడదు. గొంతులో ఆ చిన్న తేడాని వాళ్లు వెంటనే పట్టేస్తారు, అది సాయం కిందికి వస్తుంది, సాయం అంటే ఆ హాల్లో కాపీ కొట్టించడమే. దొరికితే నష్టం మీకు కాదు, ఒక ఏడాది చదివి వచ్చిన వాళ్లకి. దొరక్కపోయినా, ఆ మార్కు వాళ్లది కాకుండా పోతుంది. వాళ్లు అక్కడికి వచ్చింది తమకి ఏం వచ్చో చూపించుకోడానికి, మీ జాలి తీసుకోడానికి కాదు.

2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక రూల్ ఉండేది. అభ్యర్థి తనే స్క్రైబ్‌ని తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలనేవారు. ప్రతి గంటకీ కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కూడా ఉంది, అంటే మూడు గంటల పేపర్ నాలుగు గంటలు. నాకు ఆ మొదటి రూల్ చాలా ఇష్టం. ఇంకెక్కడైనా మీకు ఎంత తెలుసు అని అడిగి పనికి తీసుకుంటారు. ఇక్కడ తక్కువ తెలిసి ఉండటమే అర్హత.

ఆ నాలుగు గంటల్లో ఉపనిషత్తు చెప్పిన సిగ్గు, భయం ఏంటో అర్థమవుతాయి. చాలాకాలం ఆ రెండు మాటలూ నాకు విచిత్రంగా అనిపించేవి. ఇచ్చేవాడు గర్వపడకపోతే చాలదా, సిగ్గెందుకు, భయమెందుకు? నాకు అర్థమైనంతలో చెప్తాను. నేను చూసి రాయగలగడం నేను సంపాదించుకున్నది కాదు. పక్కన కూర్చున్న మనిషికి లేనిది నాకు ఊరికే వచ్చింది. దాన్ని చేత్తో పట్టుకుని "నీకు సాయం చేస్తున్నా" అనాలంటే సిగ్గేస్తుంది, వెయ్యాలి. ఇక భయం. నా చేతిరాత అర్థం కాకపోతే? ప్రశ్న చదివేటప్పుడు ఒక మాట మింగేస్తే? మూడోసారి చదవమంటే నా గొంతులో విసుగు వినపడితే? ఆ రోజు నా చెయ్యి వాళ్ల చెయ్యి. ఆ భయం లేనివాడు స్క్రైబ్‌గా వెళ్లకపోతేనే మంచిది. ఎన్.ఎస్.ఎస్. నినాదం "నేను కాదు, నువ్వు" అని అందరం ప్రతిజ్ఞలో అనేస్తాం. దాన్ని నాలుగు గంటలపాటు నిజంగా పాటించాల్సి వచ్చే చోటు ఇంతకన్నా నాకు తెలియదు.

స్నేహం సంగతి వేరేగా తెలుస్తుంది. మా తమ్ముడి కాలేజీ వాళ్లు సంగారెడ్డి వైపు ఒక ఊళ్లో క్యాంపు పెట్టారు. ఇంకుడు గుంత తవ్వాలని బడి వెనకాల సున్నంతో గీత గీసి పలుగూ పారా పట్టుకున్నారు. కట్టెల మోపుతో పోతున్న ఒక పెద్దమ్మ ఆగి చూసింది. "గీడ తవ్వితే ఏమొస్తది బిడ్డా? వాన నీళ్లు గిటు రావు. బోరింగు దిక్కు పోతయి" అంది. లెవెల్ చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు, పాపం. గుంత బోరింగు దగ్గర తవ్వారు. మిగిలిన నాలుగు రోజులూ ఏ పని మొదలుపెట్టినా ముందు ఆవిడ ఇంటికి వెళ్లి అడిగేవాళ్లట. ఆవిడకి క్యాంపు ముగింపు సభలో శాలువా కప్పలేదు, వచ్చిన అతిథులకే కప్పారు. అది మాత్రం నాకు బాధగా అనిపించింది.

మరి సర్టిఫికెట్? తీసుకోండి. ఆ కాగితం గంటలు లెక్కపెడుతుంది, అంతకన్నా ఎక్కువ లెక్కపెట్టగలనని అది చెప్పడం లేదు. దాన్ని రెజ్యూమేలో పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. నాకు భయం వేరే చోట ఉంది. వెళ్లని ఇంటికి వెళ్లినట్టు సర్వే ఫారాలు హాస్టల్ రూమ్‌లో కూర్చుని నింపడం, ఒకే రోజు నాలుగు డ్రెస్సులు మార్చి నాలుగు వారాల ఫొటోలు దిగడం. ఇలాంటివి అక్కడక్కడా జరుగుతాయని చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇది రాజసమా తామసమా అనే చర్చ కూడా ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇచ్చింది ఏమీ లేదు. ఆ కాన్వొకేషన్ స్పీచ్‌లో దానం చాలా తర్వాత వస్తుంది. ఆచార్యుడు మొట్టమొదట చెప్పింది నిజం చెప్పమని. పైగా ఆ దొంగ ఫారంలో "ఈ ఇంట్లో మరుగుదొడ్డి ఉంది" అని టిక్ పెడితే, అది లేని ఇల్లు కాగితం మీద కనపడకుండా పోతుంది. పుణ్యం రాకపోవడం అటుంచండి, ఒక ఇంటికి అన్యాయం జరిగింది.

180 గంటల్లో మీకు నిజంగా ఇష్టమయ్యేవి ఇరవై ఉండొచ్చు. మిగతావి ఎండలో తిరగడం, సంతకాల కోసం ఎదురుచూడటం. రోజూ చేసే జపంలో మాత్రం నూటెనిమిదీ మనసు పెట్టే చేస్తామా? పూసలు తిప్పుతూనే ఉంటాం.

స్క్రైబ్‌గా వెళ్లాలనిపించిన వాళ్లకి రెండు మాటలు. రూల్స్ పరీక్షని బట్టి మారతాయి కాబట్టి మీ చదువు, సబ్జెక్టు సరిపోతాయో లేదో ముందే కనుక్కోండి. వీలైతే ఒక రోజు ముందు అభ్యర్థిని కలిసి అరగంట డిక్టేషన్ రాసి చూడండి, వాళ్ల స్పీడ్ మీకు, మీ చదివే తీరు వాళ్లకి అలవాటవుతుంది. హాల్లో "ఇందాక రాసింది చదవండి" అంటే ఎన్నిసార్లైనా చదవండి, ఎంత టైం ఉందో అడగకముందే అరగంటకోసారి చెప్పొచ్చా అని ఇన్విజిలేటర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఇక పేపర్ అయిపోయి బయటికొచ్చాక, వాళ్లు అడిగితే తప్ప, "ఆ క్విట్ ఇండియా 1942 కదా" అనకండి. మర్నాడు వాళ్లకి ఇంకో పేపర్ ఉంటుంది.