కూలివానికి యజమాని యెవరు?

మా బడిలో చదువుకొనిన యువకుడొకడు ఇండ్లు కట్టించు గుత్తేదారు అయ్యెను. నలుగురు తాపీ పనివారితో ప్రహరీగోడలు కట్టించుట మొదలుపెట్టినవాడు, పదేండ్లలో మూడంతస్తుల కట్టడములను ఒప్పుకొను స్థితికి వచ్చెను. ఈ నడుమ నొక సాయంకాలము అతడు మా యింటికి వచ్చి, చాలసేపు ఊరక కూర్చుండి, తుదకు తన కష్టము చెప్పుకొనెను.

"మాస్టారూ, పని వచ్చి గుమ్మములో నిలుచున్నది, చేయువారే దొరకుట లేదు. ముగ్గురు మేస్త్రీలతో మాటలాడితిని. ఒకడు బయానా పుచ్చుకొని మరల మొగము చూపలేదు. ఒకడు స్లాబు రెండు దినములున్నదనగా తన మనుష్యులను వేఱొకచోటికి తీసికొనిపోయెను. మూడవవాడు నమ్మకస్థుడే గాని, వాని క్రింది కూలీలు నెల తిరుగకుండ మాఱిపోవుచున్నారు. పనివారిని ఎక్కడ వెదకవలయునో, ఎవరిని నమ్మవలయునో తెలియకున్నది."

ఇది వ్యాపారమునకు సంబంధించిన ప్రశ్న. బడిపంతులు చెప్పదగినది కాదని మొదట అనుకొంటిమి. ఆలోచించినకొలది ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్నయే యని తోచెను. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కట్టడపు పనికి మనుష్యులను కూర్చు మార్గములు మన ప్రాంతమున ముఖ్యముగా మూడు. ఉదయముననే కూడలిలోని అడ్డాకు పోయి, అక్కడ పని కొఱకు నిలిచియున్నవారిలో కావలసినవారిని పిలుచుకొని వచ్చుట మొదటిది. అక్కడి బేరము ఒక్క దినమునకే. సాయంకాలమున కూలి చేతిలో పెట్టుటతో సంబంధము ముగియును. రెండవది మేస్త్రీ ద్వారా పిలిపించుట. మేస్త్రీ తన యూరివారిని, చుట్టములను, తెలిసినవారిని ముఠాగా కూర్చి తెచ్చును. పెండ్లికో, వైద్యమునకో, వానలు లేని యేట తిండికో వారికి ముందుగా బయానా యిచ్చియుండును. మూడవది పనిని ముక్కలు చేసి ఇటుకపని ఒకనికి, సెంట్రింగు ఒకనికి, చువ్వలు కట్టుట వేఱొకనికి గుత్తకిచ్చుట. వీరినే సబ్ కాంట్రాక్టరులందురు. పని పెరిగినకొలది గుత్తేదారు మొదటి మార్గమును విడిచి రెండవదానికి, దానినుండి మూడవదానికి వచ్చుచుండును. మొదటి దినములలో అతనికి ప్రతి కూలివాని పేరును తెలియును. తుదకు మేస్త్రీల పేర్లు మాత్రమే తెలియును.

నడిమివాడు ఉండుటయే పాపమని మేము చెప్పబోము. ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి ముగిసినది. అంతటి పనికి కాటను దొరయొక్క విద్య యొక్కటియే చాలలేదు. ఈ జనులను, ఈ భాషను ఎఱిగిన వీణెం వీరన్నగారి వంటివారు పనివారిని సమకూర్చుటలో తోడ్పడవలసివచ్చెను. పాలమూరు కూలీలు తమ యూళ్లు విడిచి దూరదేశములలో కాలువలు త్రవ్వి, కట్టలు పోసి వచ్చిరన్నచో, వారిని నడిపించుకొని పోయిన మేస్త్రీలు ఉండుటచేతనే. తెలియని యూరిలో కూలివానికి మేస్త్రీయే భాష, మేస్త్రీయే బంధువు. కావున ప్రశ్న మేస్త్రీ ఉండవచ్చునా యని కాదు. మేస్త్రీ నడుమ నిలిచినంతమాత్రమున వాని వెనుకనున్న మనుష్యుని బాధ్యత మనకు తప్పునా యనునదియే ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు క్రొత్తది కాదు. కొన్నియేండ్ల క్రిందట మా డాబాపై రెండు గదులు వేయించితిమి. ఇంత మొత్తమునకని మేస్త్రీతో మాటలాడుకొని, పని ముగియగానే లెక్క తీర్చివేసితిమి. సున్నపు వాసన యింకను పోలేదు. ఒకనాటి ఉదయము ఒక కూలి స్త్రీ చంటిబిడ్డతో గుమ్మములో నిలిచి, తనకు తొమ్మిది దినముల కూలి రావలయునని చెప్పెను. "మేము మేస్త్రీకి అంతయు ఇచ్చివేసితిమి; అతనినే అడుగుము" అంటిమి. ఆ మాట న్యాయమైనదే యని మాకు తోచెను. ఆమె మాఱుమాట పలుకక వెనుదిరిగెను. అప్పుడు వంటయింటినుండి మా యిల్లాలు వచ్చి, "ఆమె ఇటుకలు మోసినది మన యింటికా, మేస్త్రీ యింటికా?" అని యడిగెను.

మేము చదివిన సంస్కృతములో గాని ఇంగ్లీషులో గాని ఆ ప్రశ్నకు సమాధానము దొరకలేదు. ఆమెను వెనుకకు పిలిచి తొమ్మిది దినముల కూలి యిచ్చితిమి.

అర్థశాస్త్రము మూడవ యధికరణమున కౌటిల్యుడు కూలివారిని గూర్చి కొన్ని నియమములు చెప్పెను. కూలివానికిని యజమానునికిని నడుమ జరిగిన ఒడంబడిక ఇరుగుపొరుగువారికి తెలిసియుండవలయునట. కూలి నియ్యని యజమానునికి దండన కలదు. కూలి పుచ్చుకొని పని చేయనివానికిని దండన కలదు. దాసులకు సయితము నియమములు వ్రాసిన ఆ కాలమును మేము స్వర్ణయుగమని పొగడము. అయినను ఇరుగుపొరుగువారికి తెలియవలయునను ఆ నియమములో గొప్ప వివేకము కలదు. నేటి కట్టడములయొద్ద కూలివానికి గుత్తేదారు ఎంత యిచ్చుచున్నాడో తెలియదు. గుత్తేదారుకు కూలివానికి ఎంత ముట్టుచున్నదో తెలియదు. రెండును తెలిసినవాడు మేస్త్రీ యొక్కడే. అన్యాయము పుట్టుటకు చెడ్డవాడే ఉండనక్కఱలేదు. ఈ చీకటి చాలును.

ఈ చీకటి ఢిల్లీ నగరమున 1982లో బయటపడినది. ఏషియా క్రీడల కొఱకు కట్టడములు లేచుచుండగా, అక్కడి కూలీల దుస్థితిని గూర్చిన వ్యాజ్యము సుప్రీంకోర్టుకు వచ్చెను. దినమునకు 9 రూపాయల 25 పైసలు కనీసపు కూలి కాగా, అందు ఒక రూపాయిని జమాదారులు తమ భాగముగా తీసికొనుచుండిరి. కూలీలను నియమించినది గుత్తేదారులు గాని తాము కామని ప్రభుత్వసంస్థలు తప్పించుకొనజాలవని న్యాయస్థానము తీర్పుచెప్పెను. అంతియే కాదు, కనీసపు కూలికన్న తక్కువ యిచ్చి చేయించు పని రాజ్యాంగము నిషేధించిన వెట్టిచాకిరియే యగునని నిర్ణయించెను. కాంట్రాక్టరు కూలి చెల్లింపనిచో పని చేయించుకొనిన అసలు యజమానుడే చెల్లింపవలయునని 1970 నాటి చట్టములోనే ఉండెను. 2020 నాటి కార్మికస్మృతిలోను ఆ సూత్రము నిలిచియున్నది. మా యిల్లాలి ప్రశ్నయే చట్టములలో వేఱు మాటలతో కనబడుచున్నది.

ఇక మా శిష్యుని సంగతి. ముగ్గురు మేస్త్రీలలో మూడవవానిని గూర్చియే మేమతనిని మరల మరల అడిగితిమి. మేస్త్రీ నమ్మకస్థుడైనచో కూలీలు ఏల నిలుచుట లేదు? అతడు విచారించి చెప్పిన సంగతి ఇది. మేస్త్రీ తనకు డబ్బు ముట్టినప్పుడు కూలి యిచ్చుచున్నాడు. మేస్త్రీకి మా శిష్యుడు ఇంటి యజమానుడు ఇచ్చినప్పుడు ఇచ్చుచున్నాడు. ఇంటి యజమానుడు బ్యాంకువారు ఋణపు వాయిదా విడుదల చేసినప్పుడు ఇచ్చుచున్నాడు. బ్యాంకు ఆగగలదు, యజమానుడు ఆగగలడు, గుత్తేదారు కష్టముమీద ఆగగలడు. నాటి కూలితో ఆ రాత్రి పొయ్యి వెలిగించువాడు ఆగలేడు. అయినను అందఱికన్న ఎక్కువగా ఆగుచున్నవాడు వాడే. అనగా, అందఱికన్న పేదవాడు అందఱికిని అప్పు పెట్టినవాడగుచున్నాడు. ఆ యప్పునకు వడ్డీ లేదు, పత్రము లేదు. అప్పు పెట్టి పెట్టి విసిగినవాడు ఒకనాటి రాత్రి మూట కట్టుకొని పోవును. అప్పుడు మనము "కూలీలకు మాట నిలుకడ లేదు" అనుచున్నాము.

ఇందుకు గుత్తేదారులు చెప్పు సమాధానములు త్రోసివేయదగినవి కావు. "మేము ధర తగ్గింపకున్నచో పని మఱొకనికి పోవును; ప్రతి కూలివానిని గూర్చి తెలిసికొనుచు కూర్చున్నచో వ్యాపారము పెరుగునా?" అని వారందురు. బయానా యెగగొట్టి పోవువారును కలరు, అదియు అధర్మమే. కాని, బయానా తీసికొనినంతమాత్రమున ఆ బాకీ క్రింద తన శరీరమును తాకట్టు పెట్టినట్లు కాదు. 1976లో వెట్టిచాకిరిని రద్దుచేసిన చట్టముయొక్క సారమిదియే. కొండంత బయానా యిచ్చి మనుష్యుని కట్టివేయజూచువాడు, వాడు పాఱిపోయినప్పుడు ఆశ్చర్యపడరాదు. ఇక ప్రతివానిని ఎఱుగుట కష్టమే. కాని ప్రతివానికి కూలి ముట్టినదో లేదో ఎఱుగుట అంత కష్టము కాదు.

మేమతనికి చెప్పినది ఇంతే. క్రొత్త మేస్త్రీకి పని యిచ్చుటకు ముందు అతడు కట్టిన గోడలను మాత్రమే చూడక, అతని క్రింద పనిచేసిపోయిన ఇద్దఱు కూలీలతో మాటలాడుము. మొదట చిన్నపని యిచ్చి చూడుము. కూలి సొమ్మును సామాను సొమ్ముతో కలుపక వేఱుగా నుంచుము. యజమానుడు ఆలస్యము చేసినను వారమునకొకసారి అది నీ కన్నులయెదుట కూలివాని చేతికి పోవలయును. మేస్త్రీకి హామీగా ఏదైన నిలుపవలసినచో అతని లాభములో నిలుపుము గాని కూలిలో నిలుపకుము. ఒకే పనికి స్త్రీకి తక్కువ కట్టకుము. ఏడాదిలో 90 దినములు కట్టడపు పని చేసినవారు సంక్షేమమండలిలో పేరు నమోదు చేసికొనవచ్చును. వారు చేసిన దినములకు నీవు వ్రాసి యిచ్చు కాగితము నీకు ఖర్చు లేనిది, వారికి మిక్కిలి విలువైనది. పరంజా ఎక్కువానికి త్రాడును, క్రిందనున్న పసిబిడ్డకు నీడయు ఉన్నవో లేవో దినమునకొకసారి స్వయముగా చూడుము. ఇంతమాత్రమును చూడజాలనన్ని పనులు చేతనుండినచో, క్రొత్తపని ఒప్పుకొనకుము. ఎదుగుదలకు హద్దు పెట్టుబడి కాదు. ఎంతమందికి జవాబు చెప్పుకొనగలవో అదియే హద్దు.

"ఇట్లు చేసినచో పనివారు దొరకుదురా, మాస్టారూ?" అని అతడడిగెను. తప్పక దొరకుదురని మేము చెప్పలేకపోతిమి. కాని పండుగకు ఊరికి పోయిన కూలివాడు అక్కడ మొదట చెప్పు సంగతి తనకు కూలి సరిగా ముట్టినదా లేదా యనునదియే. ఆ మాట ఏ ప్రకటనకన్నను దూరము పోవును. పనివారు మనకు దొరకుట లేదని మనము చింతించుచున్నాము. నమ్మదగిన యజమానుడు దొరకుట లేదని వారును చింతించుచుండవచ్చును గదా!

ఇది గుత్తేదారులకు మాత్రమే చెప్పిన మాట కాదు. ఈ పత్రికను చదువువారిలో ఇల్లు కట్టుకొనినవారు, కట్టుకొనబోవువారు అనేకులు కలరు. అడుగునకు పది రూపాయలు తగ్గించితిమని మనము సంతోషించునప్పుడు, ఆ పది రూపాయలు ఎవరి చేతినుండి జాఱినవో అడుగుట లేదు. గృహప్రవేశమునాడు మేస్త్రీకి క్రొత్త బట్టలు పెట్టుదుము; అది మంచి యాచారమే. కాని ఆ గడప దాటకముందే, ఈ యింటికి తట్ట మోసినవారిలో కూలి రావలసినవారు ఎవరైన మిగిలియున్నారా యని ఒక్కసారి అడిగినచో అంతకంటె మంచి యాచారమగును.

ఆనాడు మా గుమ్మమునకు వచ్చిన స్త్రీకి కూలి యిచ్చితిమని పైన వ్రాసితిమి. అది గొప్పగా చెప్పుకొనుటకు కాదు. ఆమెతో కలిసి ఆ మెట్లెక్కి ఇటుకలు మోసినవారు మఱి నలుగురో అయిదుగురో కలరు. వారు మా గుమ్మమునకు రాలేదు. వారి కూలి వారికి ముట్టినదో లేదో మేము నాడు అడుగలేదు; నేడు అడుగుదమన్నను వారు ఏ యూరివారో మాకు తెలియదు. ఆ గదులలోనే కూర్చుండి ఇది వ్రాయుచున్నాము.