మెచ్చుకొనుటయు గౌరవించుటయు ఒకటేనా?

ఒకరిని మెచ్చుకొని చప్పట్లు కొట్టుటయు, వారిని గౌరవించుటయు ఒకటేయని మనము తలంచుచుందుము. సుధా చంద్రన్ గారి జీవితమును గూర్చి ఆలోచించినప్పుడు మాకు ఈ విషయమై సందేహము కలిగినది.

ఈమె బొంబాయిలో పెరిగిన భరతనాట్య కళాకారిణి. 1981వ సంవత్సరమున తిరుచిరాపల్లి సమీపమున జరిగిన బస్సు ప్రమాదములో గాయపడెను. గాయము కుళ్లుటచేత కుడికాలు తీసివేయవలసి వచ్చినది. అదే సంవత్సరమున జైపూరు డాక్టరు సేఠీగారికి మెగసెసే బహుమానము లభించెను. ఆయనతో కలిసి జైపూరు కాలును రూపొందించినవాడు రామచంద్ర శర్మ అను పనివాడు. పెద్ద చదువులు చదివినవాడు కాడు. పరదేశపు కృత్రిమ పాదములకు బూట్లు తొడుగవలసియుండెను. ఈ రబ్బరు పాదముతోనైతే చెప్పులు లేకయే పొలములో నడువవచ్చును, నేలమీద బాసింపట్టు వేసికొని కూర్చుండవచ్చును. అది రైతుకు, కూలివానికి పనికివచ్చునట్లు చేసినదేగాని నాట్యమునకని చేసినది కాదు.

ఆ కాలితోనే ఆమె నొప్పి నోర్చుకొని అభ్యసించి, 1984లో బొంబాయిలో మరల వేదిక నెక్కెను. 1985లో సింగీతము శ్రీనివాసరావుగారు ఆమె కథనే 'మయూరి' యను తెలుగు చిత్రముగా తీయగా, ఆమెయే అందులో నటించెను. తరువాత టెలివిజనులో ప్రవేశించి, 2001లో మొదలైన 'కహీ కిసీ రోజ్' అను హిందీ ధారావాహికలో రమోలా సికంద్ అను కఠినురాలైన అత్తగా ఇంటింటను పేరు పొందెను. అక్కడ జనులు ఆమె కాలును చూడలేదు. ఆమె బొట్టును, కోపమును చూచిరి. ఇది మాకు సంతోషము కలిగించిన సంగతి. కాలు పోయినవారు ఎల్లప్పుడును ఓర్పునకు మాదిరిగానే ఉండవలెనని ఎవరు విధించిరి?

అయితే 2021 అక్టోబరులో ఆమె ఒక వీడియోలో ప్రధానమంత్రిగారికి మొర పెట్టుకొనెను. విమానాశ్రయ తనిఖీలో ప్రతిసారియు కృత్రిమ కాలును విప్పి చూపుమనుచున్నారనియు, వృద్ధులకు కార్డు ఉన్నట్లే తమవంటివారికిని ఒకటి ఇవ్వవలెననియు వేడుకొనెను. భద్రతా దళమువారు విచారము తెలిపిరి. తనిఖీ అక్కరలేదని మేము చెప్పము. ప్రయాణికుల ప్రాణములు కాపాడవలసినదే. అయినను దేశమంతయు ఎరిగిన స్త్రీయే ఇట్లు వేడుకొనవలసివచ్చినయెడల, ఏ వేదికయు ఎక్కని కూలివాని మాట ఎవరు విందురు? నాట్యమాడి చూపినవారికే గౌరవమా?

రెండు కాళ్లును కుంటివైన మెఫీబోషెతు దావీదు బల్లయొద్ద భోజనము చేసెను గదా. అందుకాయన ఏమి చేసి చూపెను? ఏమియు లేదు. యోనాతాను కుమారుడగుటయే చాలినది.

మేమెరిగిన ఒక గ్రామ సంఘములో చంకకఱ్ఱతో వచ్చు సహోదరుడు ఒకడు గలడు. గుడికి ఐదు మెట్లు. ఆయన ఎన్నో ఏండ్లుగా ద్వారము వెలుపల, చెప్పులు విడుచు చోటనే కూర్చుండి ఆరాధించుచున్నాడు. ఆయన భక్తిని మేము పలుమారులు మెచ్చుకొంటిమి. లోపలికి రాకపోవుటకు కారణమేమని ఒక్కనాడును అడుగలేదు.